ఆమె గొంతుతో నేను చెప్పిన మాట

పదకొండేళ్లుగా నేను ఒక అబద్ధంతో కాపురం చేస్తున్నాను. దానితోనే లేస్తాను. దానితోనే ఆఫీసుకు వెళ్తాను. అది పక్కన కూర్చుని చూస్తుండగానే అన్నం తింటాను. మొదటి ఏడాది బరువు తెలియలేదు. కొన్ని బరువులు నెత్తికెత్తుకున్నప్పుడు తెలియవేమో, నడిచిన కొద్దీ తెలుస్తాయి. ఎవరికో ఒకరికి చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెబితే ఓదారుస్తారు. నాకు ఓదార్పు వద్దు.

నా పేరు రాయను. హైదరాబాదులో ఒక పెట్టుబడుల సంస్థలో పని చేస్తున్నాను. ఏ కంపెనీ నిలబడుతుందో, ఏది మునుగుతుందో ముందే చదివి చెప్పడం నా పని. బాగా చెబుతానని పేరుంది. పుట్టింది బస్తర్‌లో, మద్దేడ్‌లో. బాపుది, అంటే మా నాన్నది, మిర్చి, వరి సేద్యం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఎవరు ఎదురైతే వాళ్ల భాష. అలా పెరిగాను.

నేను అన్యాయం చేసిన మనిషి పేరు కూడా రాయను. సారక్క అని రాస్తాను. మా వైపు ఇంటికొక సారక్క ఉంటుంది, ఎవరూ గుర్తుపట్టరు. మా వైపు గిరిజనులైన దోర్లవాళ్ల పిల్ల. వాళ్ల ఊరు మద్దేడ్ నుంచి వాగు దాటి, అడవిలో గంటన్నర నడక. జగదల్‌పూర్‌లో ఇద్దరం ఒకే కాలేజీలో బీకాం చదివాం, హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. మూడేళ్లూ తెలుగులో మాట్లాడుకోవడానికి నాకు ఆమె, ఆమెకు నేను.

ఆశ ముందు పుట్టింది నాలోనే. మొదటి ఏడాది ఎవరో పాత విద్యార్థి వచ్చి బొంబాయిలో తాను చేసే పని గురించి చెప్పాడు. షేర్లు, నిధులు, పెద్ద పెద్ద అద్దాల మేడలు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. సారక్కను కూచోబెట్టి, మనం కూడా ఆ పనే చెయ్యాలి అన్నాను. ఆమె నవ్వింది. తర్వాత మెల్లగా ఆమె కూడా నమ్మింది. అంటే ఆ ఆశ ఆమెకు ఇచ్చింది నేనే. ఇచ్చినదాన్ని తిరిగి లాక్కునే హక్కు నాకుందని లోపల ఎక్కడైనా అనుకున్నానా? ఏమో. ఇప్పటికీ ఆ మూలకు వెళ్లి చూసే ధైర్యం లేదు.

మొదటి ఏడాది క్లాసులో మొదటి మార్కు నాది. రెండో ఏడాది పడిపోయాను.

అందరికీ మలేరియా అని చెప్పాను. మలేరియా వచ్చిన మాట నిజమే. పది రోజులు. మరి మిగిలిన నెలలు? కాస్ట్ అకౌంటింగ్‌లో ఒక పాఠం అర్థం కాలేదు. అంతే. మొదటి మార్కు తెచ్చుకున్న పిల్ల లేచి నిలబడి అర్థం కాలేదు సార్ అని ఎలా అంటుంది? ఆ క్లాసు మానేశాను. మానేసిన క్లాసు వల్ల తర్వాతి క్లాసు అర్థం కాలేదు, దాన్నీ మానేశాను, అలా ఒక్కొక్కటే మానేస్తూ హాస్టల్ గదిలో గోడ వైపు తిరిగి పడుకుని, పరీక్షలు దగ్గరపడేసరికి పుస్తకం కనపడకుండా మంచం కిందికి తోసేసే స్థితికి వచ్చాను. రెండు పేపర్లు పోయాయి. మూడో ఏడాది సారక్క నన్ను పక్కన కూచోబెట్టుకుని తన నోట్సుతో చెప్పింది. ఒక్కో లెక్క నాలుగుసార్లు. విసుక్కోలేదు. సప్లిమెంటరీ గట్టెక్కింది ఆమె పుణ్యమే. కానీ మార్కుల జాబితాలో పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

చివరి ఏడాది ఈ సంస్థ నుంచి ప్రకటన వచ్చింది. వెనకబడిన జిల్లాల నుంచి డిగ్రీ పిల్లల్ని తీసుకుని తామే శిక్షణ ఇస్తామని. మా వైపుకు ఉన్నది ఒక్క చోటు. ఇద్దరం రాయపూర్ వెళ్లి పరీక్ష రాశాం. ఇద్దరం ఇంటర్వ్యూకు వచ్చాం. బల్ల వెనక ముగ్గురున్నారు. అందులో ఒకాయన నా మార్కుల కాగితం మీద వేలు జరుపుతూ జరుపుతూ రెండో సంవత్సరం దగ్గర ఆపాడు. ఇక్కడేమైంది అన్నాడు. మలేరియా అన్నాను. ఆయన వేలు అక్కడి నుంచి కదల్లేదు. ఆ వేలును నేను చాలా ఏళ్లు చూశాను, కళ్లు మూసుకున్నా.

ఫారంలో ఫోన్ నంబరు రాయాల్సిన చోట సారక్క నా నంబరు రాసింది. వాళ్ల ఊరికి టవర్ లేదు. ఆమెకు ఫోనూ లేదు. మెయిల్ కూడా నా ఫోన్లోనే తెరిచి ఇచ్చాను. ఏ కబురైనా నా చేతుల మీదుగానే ఆమెకు చేరాలి. అప్పుడు అది మా ఇద్దరికీ మామూలు విషయం.

జులైలో ఫోన్ వచ్చింది. వానలు పట్టాయి. ఉదయం పదిన్నర. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ నాట్లకు పోయారు. హిందీలో ఒక ఆడమనిషి గొంతు. సారక్కేనా అని అడిగింది. కాదు, ఇంట్లో లేదు అన్నాను. మీరెవరు అంది. చెల్లెల్ని అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ క్షణానికి నా మనసులో చెడు ఏమీ లేదని ప్రమాణం చెయ్యగలను. కానీ నాలుక అప్పటికే వేరే దారి పట్టింది.

సారక్క ఎంపికైందట. వివరాలు మెయిల్ చేశారట. ఒప్పుకుంటున్నట్టు మూడు రోజుల్లో ఫోన్‌లో చెప్పాలట. లేకపోతే తర్వాతి పేరుకు ఇచ్చేస్తారట.

తర్వాతి పేరు ఎవరిది మేడం, అని అడిగాను.

ఆమె కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. చదివింది. అది నా పేరు. మార్కులు కొంచెం తక్కువై ఆగిపోయిందని కూడా చెప్పింది, ఎవరితో చెబుతోందో తెలియక.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే నిలబడ్డాను. బయట వాన ఆగిపోయింది. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. చెప్పేస్తాను అనుకున్నాను. ఎల్లుండి సంత, సారక్క వస్తుంది, చెప్పేస్తాను. ఆ రెండు రోజులూ అదే అనుకున్నాను. నమ్మండి. కానీ అనుకుంటూనే ఆ మెయిల్ తెరిచి చదివాను. రెండోసారి చదివాను. మూడోసారి చదివేటప్పుడు, సారక్క పేరున్న చోట నా పేరు పెట్టుకుని చదివాను.

సంత రోజు ముసురు పట్టి ఉంది. సారక్క అమ్మడానికి లేత వెదురు కొమ్ముల గంప ఎత్తుకుని వచ్చింది. మోకాళ్ల దాకా బురద. గంప మా అరుగు మీద దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను.

"ఏమన్న ఫోనొచ్చిందానే?"

"రాలే."

"మెయిలన్న?"

"అది గూడ రాలే. చూసిన."

"ఇంకొక్కపారి చూడరాదే. వాగు నిండుతాంది. మళ్ల వారం వస్తనో రానో."

ఫోన్ తీశాను. తెర నా వైపే తిప్పుకుని వేలితో పైకీ కిందికీ జరిపాను. ఆ మెయిల్ అక్కడే ఉంది. నా వేలి కింద నుంచి వెళ్లింది, మళ్లీ వచ్చింది.

"లేదు సారక్కా."

"మరి నీకు?"

"నాకూ రాలే."

"నీకన్న వస్తదిలే. నువ్వు మంచిగ మాట్లాడినవ్ గద." గంప నెత్తిన పెట్టుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "ఒకవేళ వస్తే ఎట్లనన్న కబురు చెయ్యే. వాగొడ్డుకొచ్చి కేకేసినా సరే, మావోళ్లు ఎవలో ఒకలు ఉంటరు."

సరే అన్నాను.

ఆమె వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఎంత దూరం? ఇరవై అడుగులు. ముప్పై. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు, వెనక్కి తిరుగుతుంది. సంతలో జనంలో కలిసిపోయేదాకా సమయం ఉంది. ఆ సమయమంతా నాదే. నేను పిలవలేదు. ఈ పదకొండేళ్లలో నన్ను ఎక్కువగా పట్టి పీడించింది నేను చెప్పిన అబద్ధం కాదు, ఆ పిలవకపోవడం.

అక్కడితో ఆగినా, మరిచిపోయానని చెప్పుకునేదాన్నేమో. ఆగలేదు.

మరునాడు మళ్లీ ఫోన్. అదే ఆడమనిషి. సారక్కతో మాట్లాడాలి అంది. నేను ఒక ఊపిరి తీసుకున్నాను. మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం కదా, సారక్క హిందీ ఎలా మాట్లాడుతుందో నాకు బాగా తెలుసు. మాటకు ముందు చిన్నగా ఆగుతుంది. చివర గొంతు కిందికి దిగుతుంది. అలాగే ఆగాను. అలాగే దించాను. నేనే సారక్కను మేడం, మా నాన్న వద్దంటున్నాడు, అంత దూరం పంపనంటున్నాడు, నేను రాలేను అన్నాను.

బాగా ఆలోచించుకున్నావా అంది ఆమె. ఆలోచించుకున్నాను అన్నాను, సారక్క గొంతుతో.

ఫోన్ పెట్టేసి ఆ మెయిల్ తుడిపేశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాను. అది కూడా చెప్పాలి మీకు. ఆకలిగా తిన్నాను.

రెండు రోజులకు అదే నంబరు నుంచి నా కోసం ఫోన్ వచ్చింది. చోటు నాదేనని చెప్పి, ఆమె ఒక ప్రశ్న అడిగింది. మీ ఇద్దరి నంబరూ ఒకటేనా? మా దగ్గర సిగ్నల్ దొరికే ఫోన్ ఇదొక్కటే మేడం అన్నాను. మళ్లీ కాగితాలు తిప్పిన చప్పుడు. సరే అంది. ఆ సరే నా చెవిలో మిగిలిపోయింది.

నేను వెళ్లే రోజు సారక్క మద్దేడ్ బస్సు దగ్గరకు వచ్చింది. వాగులో నడుము దాకా నీళ్లలో దాటి వచ్చిందట. ఆకు దొన్నెలో సారపప్పు తెచ్చింది. అక్కడ మంచిగ తినమంది. ఆమె కళ్లలో అసూయ కోసం వెతికాను. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. కనపడలేదు.

హైదరాబాదులో నాకు ఫోన్ చేసినామె ఎవరో మొదటి వారంలోనే తెలిసింది. ఆమెను నిర్మల మేడం అంటాను. ఎంపికల విభాగం ఆమెదే. లిఫ్టులో ఎదురైతే నవ్వేది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, ఏ సందర్భమూ లేకుండా, మీ ఊరి అమ్మాయి బాగుందా అని అడిగేది. అంతే అడిగేది. ఎందుకు అడిగేది? తెలిసే అడిగేదా? ఆ రోజంతా నాకు పని సాగేది కాదు. ఆమె చెప్పుల చప్పుడు గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఆమె సెలవులో ఉందంటే హాయిగా ఊపిరి పీల్చేదాన్ని.

ఈలోగా సారక్క బతుకు ఎటు పోయిందో అమ్మ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేది. ఆ చలికాలమే మిర్చి ఏరడానికి గోదావరి అవతలికి కూలి పోయిందట. బీకాం చదివిన పిల్ల. తర్వాతి ఏడాదీ పోయిందట. మూడోసారి వెళ్లినప్పుడు వాళ్లను ఎక్కించుకున్న బండి మలుపులో బోల్తా పడింది. ఇద్దరు పోయారు. సారక్కకు ఎడమ కాలు విరిగి వంకరగా అతుక్కుంది. ఆ కబురు విన్నప్పుడు నేను మీటింగ్ గది బయట నిలబడి ఉన్నాను. బండిని నేను తిరగెయ్యలేదు. ఆ మలుపు నేను వెయ్యలేదు. నిజమే. కానీ ఆ బండిలో ఆమె ఎందుకుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే. లోపలికి వెళ్లి కూర్చున్నాను. నా వంతు రాగానే మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు.

ఆసుపత్రికని అమ్మ చేత కొంత డబ్బు పంపించాను. సారక్క తిప్పి పంపింది. పట్నంలో నీకే ఖర్చులుంటాయంది. నిజానికి నేను పంపింది సాయం కాదు. నన్ను నేను కొనుక్కోవాలనుకున్నాను. బేరం కుదరలేదు.

ఈ ఏడాది నిర్మల మేడం రిటైర్ అయింది. కొత్తవాళ్ల ఎంపికలో ఈసారి నన్ను కూర్చోబెట్టారు. వెళ్లిపోయే రోజు ఆమె నన్ను పిలిచి అల్మారా తాళంచెవి చేతిలో పెట్టింది. పాత రిజిస్టర్లు కింది అరలో ఉన్నాయి, నువ్వు ఒకసారి చూడాలి అంది. నవ్వలేదు.

మూడు రోజులు ఆ అల్మారా తెరవలేదు. నాలుగో రోజు తెరిచాను.

మా సంవత్సరం రిజిస్టరులో సారక్క పేరు. పక్కన నిర్మల మేడం చేతిరాత. ఎంపికైంది, తండ్రి అంగీకరించనందున స్వయంగా నిరాకరించింది. అది ఉంటుందని నాకు తెలుసు. తెలియంది తర్వాత ఉంది. మరుసటి ఏడాది రిజిస్టరులో మళ్లీ సారక్క పేరు. ఆ పై ఏడాదీ ఆమె పేరు. రెండుసార్లు మళ్లీ దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ ఎర్ర సిరాతో ఒకే మాట. ఇదివరకు నిరాకరించారు, పరిశీలించనవసరం లేదు.

రెండింటిలోనూ నంబరు నాది కాదు. కొత్త నంబరు. సారక్క నాకు ఒక్క మాట చెప్పలేదు.

నేను ఆమె దగ్గర ఒక అవకాశం తీసుకున్నాననుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఒక్కటే, మళ్లీ ఇంకోటి దొరికి ఉండేది, ఆమే ప్రయత్నించలేదు అని కూడా నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. ఆమె ప్రయత్నించింది. ఆమె వచ్చి తట్టిన ప్రతిసారీ నేను చెప్పిన ఆ ఒక్క మాట తలుపు వెనక గడియలా పడి ఉంది. నేను మరిచిపోయిన రోజుల్లో కూడా అది తన పని తాను చేసుకుపోయింది.

పోయిన నెల మద్దేడ్ వెళ్లాను. మళ్లీ వానాకాలమే. వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది, అవతల టవర్ ఉంది. సారక్క పంచాయతీ వసారాలో కూర్చుని ఉంది. ఊళ్లలో పింఛన్లు పంచే బ్యాంకు సఖి పని చేస్తోంది. చిన్న మిషన్ మీద ముసలమ్మల వేలిముద్రలు తీసుకుంటోంది. ముద్ర పడకపోతే వాళ్ల వేలు తన కొంగుతో తుడిచి మళ్లీ పెట్టిస్తోంది. నన్ను చూసి నవ్వి, కూచో, అయిపోతది అంది. వరుస అయ్యేదాకా కూర్చున్నాను. అందరూ వెళ్లాక చెప్పాను. మొదటి నుంచి. మలేరియా పది రోజులే అన్న దగ్గర నుంచి.

ఆమె మధ్యలో ఆపలేదు. మిషన్ తీగ చుడుతూ వింది. అయిపోయాక కూడా చుడుతూనే ఉంది. రేకుల మీద వాన పడుతోంది.

"నా లెక్క మాట్లాడినవా?" అంది.

"మాట్లాడిన."

"ఏమన్నవ్? అన్నది అన్నట్టు చెప్పు."

చెప్పాను. తల వంచుకుని, మా నాన్న వద్దంటున్నాడు, పంపనంటున్నాడు అని చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా అయ్య వద్దన్నడని చెప్పినవా?" గొంతు పెంచలేదు. "రాయపూర్‌కు బస్ కిరాయి లేకపోతే మేకపోతును అమ్మిండు మా అయ్య. అక్కడ ఏసుకోనీకి చెప్పులు తెచ్చిండు. ఫోన్ రాలేదంటే నాకంటె ఆయనే ఎక్కువ రంది పడ్డడు. సచ్చిపోయేదాక అడిగిండు, ఎందుకు తీసుకోలే బిడ్డా, నీకేం తక్కువని. ఆయన మీద పెట్టినవా?"

ఆమె కాలు గురించి అడుగుతుందనుకున్నాను. మిర్చి చేల గురించి, పోయిన ఏళ్ల గురించి. వాటికి ఏం చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కున్నాను. వాళ్ల అయ్యను నేను నాలుగుసార్లు చూశాను. ఆయన చనిపోయినప్పుడు కూడా నేను రాలేదు. ఫోన్లో నోటికి వచ్చింది అన్నాను. ఎవరి తండ్రి, ఏం తండ్రి అని ఒక్కసారీ ఆలోచించలేదు.

కాళ్లు పట్టుకుందామని వంగాను. ఆమె వెనక్కి జరిగింది.

"గవన్ని వద్దు. కాగితం మీద రాసియ్యి. మీ ఆఫీసుల గూడ రాసియ్యి. మా అయ్య వద్దనలేదని రాయి."

క్షమించావా అని అడగలేదు. అడగడానికి నాకేం మొహముంది? ఆమె మిషన్ సంచిలో పెట్టుకుని, కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్లింది. గొడుగు ఇవ్వబోయాను. తీసుకోలేదు.

రాసి ఇచ్చాను. తొమ్మిది రోజులైంది. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. నేను లోపలికి వెళ్లగానే మాటలు ఆగిపోతున్నాయి. సోమవారం పై అంతస్తుకు రమ్మని కబురు వచ్చింది. ఉద్యోగం పోవచ్చు. అంతకంటే పెద్ద శిక్షే రావచ్చు. బాపుకు ఇంకా చెప్పలేదు. ఆయన ఊరంతా నా పేరు చెప్పుకుంటాడు. సారక్కకు ఒక ప్రతి పంపాను. అందినట్టు తెలిసింది. ఆమె నుంచి మాట లేదు. ఉండదు కూడా.

భయంగా ఉంది. దాచను. అయినా రాసిన రోజు నుంచి, ఇన్నేళ్లలో మొదటిసారి, మెడ మీద ఏదో లేనట్టుంది. ఆ తేలిక నాకు న్యాయంగా దక్కాల్సింది కాదని తెలుసు. అది వచ్చిందని మాత్రం మీతో అబద్ధం చెప్పలేను.

కాగితంలో పెద్దగా ఏమీ లేదు. కారణాలు రాసి కొట్టేశాను. మలేరియా సంగతి, మార్కుల సంగతి, అన్నీ కొట్టేశాను. మిగిలింది ఇంతే:

సారక్క రానని చెప్పలేదు. ఆమె తండ్రి వద్దనలేదు. ఆ మాటలు అన్నది నేను.